పుట్టుకతో వంకర పాదం: పెద్ద ఆపరేషనా, వారం వారం కట్లా?

పాదం లోపలికీ కిందికీ తిరిగిపోయి పుట్టిన బిడ్డను చూసి ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ఇదే: "ఆపరేషన్ చేయిస్తే ఒక్కసారితో అయిపోదా?" అయిపోదు. సుమారు వెయ్యి మందిలో ఒక బిడ్డకు వచ్చే ఈ క్లబ్‌ఫుట్‌కు ముందు చేయాల్సింది పిండికట్లు వేయించడం. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఇగ్నాసియో పొన్సెటి రూపొందించిన పద్ధతి ఇది. (గ్రహణం వేళ తల్లి చేసిన ఏ పనీ దీనికి కారణం కాదు. ఆ నింద ఆమె మీద వేయకండి.)

పుట్టిన మొదటి వారాల్లోనే మొదలుపెట్టొచ్చు. వారానికో పిండికట్టు, మామూలుగా 5 నుంచి 7. మొదటి కట్టులో బొటనవేలి వైపు ఎముకను పైకెత్తి, అరికాలి లోతు గుంటను సరిచేస్తారు. ఆ తర్వాత చీలమండ దగ్గరి టాలస్ ఎముక తల మీద డాక్టరు తన చేతి బొటనవేలు ఆనించి, పాదాన్ని వారం వారం కాస్త కాస్త బయటికి తిప్పుతూ 60-70 డిగ్రీల దాకా తెస్తారు. మడమను పట్టుకుని తిప్పకూడదు, అదే సర్దుకుంటుంది. తొందరపడి పాదాన్ని పైకి నెడితే మడమ రాకుండా అరికాలు మధ్యలో ఉబ్బి, పడవ అడుగులా తయారవుతుంది. కట్టు గజ్జల దాకా, మోకాలు 90 డిగ్రీలు వంచి వేయాలి. మోకాలి కిందికే వేస్తే జారుతుంది. వేళ్లు లోపలికి పోయి కనబడకపోతే జారిందన్నమాటే. వేళ్లు నీలంగా, చల్లగా మారితే తెల్లారేదాకా ఆగకుండా విప్పించండి.

చివర్లో, పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి మడమ వెనక స్నాయువును (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటిది) చిన్న గాటుతో తెంపుతారు. 'నరం కోస్తారట' అని భయపడతారు గానీ అది నరం కాదు. 3 వారాల ఆఖరి కట్టులో కావలసిన పొడవుకు తిరిగి అతుక్కుంటుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. కడ్డీకి బిగించిన బూట్లు 3 నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన 4-5 ఏళ్లు వచ్చేదాకా నిద్రపోయేటప్పుడల్లా వేయాలి. పాదం చక్కగా కనబడుతోంది కదా అని మానేస్తారు, అది మళ్లీ తిరుగుతుంది. తిరగబెట్టడానికి పెద్ద కారణం ఇదే. అప్పుడూ కట్లే మళ్లీ వేస్తారు. నడిచేటప్పుడు పాదం లోపలికి లాగుతుంటే మూడేళ్లు దాటాక ఒక స్నాయువును పాదం మధ్యకు మార్చే చిన్న ఆపరేషన్ చాలు.

పెద్ద ఆపరేషన్‌లో కీళ్ల చుట్టూ బిగుసుకున్న కణజాలాన్ని కోసి, ఎముకలను సర్ది, సన్నని తీగలతో నిలబెడతారు. పూర్తి మత్తు ఇవ్వాలి, తర్వాత వారాల తరబడి కట్టు తప్పదు. కోత దగ్గర చర్మం మానకపోవచ్చు, పాదం ఎక్కువగా సరిదిద్దబడి బయటికి వాలిపోవచ్చు. లోపల మచ్చకట్టిన కీళ్లు బిగుసుకుని, పెద్దయ్యాక నడిస్తే నొప్పి పెట్టొచ్చు. పాదం మళ్లీ వంకర తిరిగితే అదే మచ్చలోంచి రెండో ఆపరేషన్ మరీ కష్టం.

ఆర్థ్రోగ్రైపోసిస్‌లా కీళ్లన్నీ బిగుసుకున్న పిల్లలకు, నేర్పున్నవారు వేసిన కట్లకూ లొంగని పాదానికి పెద్ద ఆపరేషన్ అవసరపడొచ్చు. అక్కడ కూడా ముందు కట్లు వేస్తే కోయాల్సింది తగ్గుతుంది. నడక వచ్చేసిన పిల్లలకూ ఆలస్యమైందని కట్లు వదిలేయొద్దు.

పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో క్లబ్‌ఫుట్ ఉంది. పిల్లల్లో లోపాలను తొందరగా గుర్తించి చికిత్స అందించే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రంలో ముందు అడగండి. ఎక్కడికి వెళ్లినా, పొన్సెటి కట్లు వేసే డాక్టరు ఎవరు, బూట్లు పొట్టైతే కొత్తవి ఎవరిస్తారు అన్న రెండూ మొదటి కట్టుకు ముందే తేల్చుకోండి.