క్లారినెట్ పై స్వరాలకు మారు ఫింగరింగులు: చాలాకాలం వాడాక ఏవి నిలిచాయి, ఏవి పోయాయి

పదిహేడు కీల బోమ్ పద్ధతి (కీల అమరిక) బి ఫ్లాట్ క్లారినెట్ మీద, పై సి దాటాక వచ్చే స్వరాలకు వాడే ఫింగరింగుల, అంటే ఏ రంధ్రాలు మూయాలి, ఏ కీలు నొక్కాలి అన్న వేళ్ల అమరికల సంగతి ఇది. స్వరాల పేర్లన్నీ క్లారినెట్‌కు రాసే నొటేషన్ ప్రకారమే (ఎ అంటే A, ఇ అంటే E). కీల అమరిక వేరుగా ఉండే ఆల్బర్ట్ పద్ధతి వాద్యాలకు ఈ లెక్క యథాతథంగా కుదరదు.

ఫింగరింగుల చార్టు బట్టీ పట్టే ముందు ఒక్క గొలుసు అర్థమైతే చాలు. ఎడమ బొటనవేలి దగ్గరుండే రిజిస్టర్ కీ నొక్కితే కింది స్వరం పన్నెండో స్వరానికి ఎగురుతుంది. ఆ పైన ఎడమ చూపుడు వేలు ఎత్తితే ఆ రంధ్రం కూడా గాలి వదిలే దారై ఇంకో మెట్టు పైకి పంపుతుంది. కింది ఎ ఇలా ఇ అవుతుంది, తర్వాత పై సి షార్ప్. బి ఫ్లాట్ నుంచి ఎఫ్, డి. సి నుంచి జి, ఇ. సి షార్ప్ నుంచి జి షార్ప్, ఎఫ్. డి నుంచి ఎ, ఎఫ్ షార్ప్. పై డి నుంచి కుడి చిటికెన వేలితో ఇ ఫ్లాట్ కీ కూడా నొక్కాలి. వదిలేస్తే శ్రుతి దిగుతుంది, డి అయితే మరీ మొద్దుగా పలుకుతుంది. మెత్తగా వాయించేటప్పుడు శ్రుతి ఎక్కుతుంటే మాత్రం ముందు ఆ వేలే తీసి చూడండి.

ఎక్కువ మంది తడబడేది ఇ ఫ్లాట్ దగ్గర. దానికి రెండు దారులున్నాయి. డి నుంచి వస్తుంటే కుడి చూపుడు వేలు కదపకుండా, మధ్య వేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఉన్న సన్నటి కీని ఉంగరపు వేలితో నొక్కాలి. ఇ నుంచి వస్తుంటే కుడి మధ్య వేలు ఒక్కటి మూస్తే సరిపోతుంది. ఈ రెండో దారిని డి నుంచి పడితే చూపుడు వేలు లేవాలి, మధ్య వేలు దిగాలి. చూపుడు వేలు తొందరపడి లేస్తే మధ్యలో ఇ చిటుక్కుమంటుంది, మధ్య వేలు ముందే దిగితే సి షార్ప్ దూరుతుంది. రీడ్ (మౌత్‌పీస్ మీద కంపించే సన్న పలక) మీద నింద వేసే చాలా చప్పుళ్లు నిజానికి ఇవే. డి, ఇ ఫ్లాట్, ఇ వరసగా ఎక్కేటప్పుడు సన్న కీ వాడి, ఇ కోసం రెండు వేళ్లూ ఒకేసారి వదలడం నాకు నమ్మకంగా పనిచేసింది.

ట్రిల్లులు (రెండు పక్క స్వరాలను వేగంగా మార్చి మార్చి వాయించడం) తేలిక. ఇ, ఎఫ్ మధ్య ఎడమ చిటికెన వేలు. ఇ, ఎఫ్ షార్ప్ మధ్య ఎడమ ఉంగరపు వేలు. డి, ఇ మధ్య ఇ ఫ్లాట్ కీ పట్టే ఉంచి కుడి చూపుడు వేలు. సి నుంచి సి షార్ప్‌కు మామూలు పద్ధతిలో నాలుగు వేళ్లు ఒక్కసారి మూయాలి, వేగంలో అది జరిగే పని కాదు. కుడి చేతి పక్క కీల్లో కింది రెండూ కలిపి నొక్కితే చాలు. నిలిపే స్వరానికి మాత్రం దీన్ని వాడొద్దు.

బొటనవేలి రంధ్రం తెరిచి రిజిస్టర్ కీ ఒక్కటే పట్టి తీసే డి ఉంది. నాదం పలచన, వేలు పట్టు వంకర. క్షణంలో దాటే గమకానికి తప్ప పక్కన పెట్టేశాను.

కింది స్వరం నుంచి కలిపి ఎక్కేచోట ఎడమ చూపుడు వేలు పూర్తిగా ఎత్తకుండా కిందికి దొర్లించి సగం రంధ్రం తెరవడం నాకు అన్నిటికన్నా విలువైనది. జి నుంచి ఇ కి దూకేటప్పుడు కుదుపు బాగా తగ్గుతుంది. జి వేళ్లు అసలు కదపకుండా నాలుక, గొంతు సర్దుబాటుతోనే ఇ తీయొచ్చు. కానీ రీడ్ పాతబడితే అది జి కే జారిపోతుంది, నాలుకతో మొదలుపెట్టే స్వరానికి నమ్మలేం.

ఎంపికకు నేను చూసేది ముందు స్వరం, వెనక స్వరం, నిడివి. కదిలే వేళ్లు లెక్కపెట్టి, ఒకటి లేస్తూ ఇంకొకటి దిగే మార్పుల్ని వీలైనంత తప్పిస్తాను. పరీక్ష అసలు వేగంలోనే. నిదానంగా కుదిరింది వేగంలో కుదరకపోవడం మామూలే. ప్రొకోఫియెవ్ 1936లో రాసిన ‘పీటర్ అండ్ ది వూల్ఫ్’లో క్లారినెట్ పిల్లిగా చెట్టెక్కే చోట వేళ్ల సుఖం గెలవాలి, శ్రుతి కాస్త అటూఇటూ అయినా దాటిపోతుంది. బీథోవెన్ ఎనిమిదో సింఫనీ మూడో భాగంలోని ట్రియోలో (మధ్య ఖండంలో) మెత్తగా జి దాకా ఎక్కే సోలో దీనికి తలకిందులు. అక్కడ వెంట్రుకవాసి తేడా కూడా వినబడుతుంది కాబట్టి చెయ్యి ఎంత ఇబ్బంది పడ్డా శ్రుతిలో నిలిచే ఫింగరింగే పట్టాలి. జి కి చార్టులు ఒక్కోటీ ఒక్కో దారి చూపిస్తాయి. పక్కవాడి వాద్యంలో పలికింది మీదాంట్లో పలుకుతుందన్న హామీ లేదు. మీ మౌత్‌పీస్, మీ రీడ్ పెట్టి, ట్యూనర్ ముందు మెత్తగా ఊది తేల్చుకోండి. రీడ్ మరీ పలచనైతే ఇ పైన ఏ ఫింగరింగూ శ్రుతిని నిలపదు, అప్పుడు మార్చాల్సింది రీడే.