మూడు మామిడి కాపులు చూసిన నా చాకు ఒర

ఒపినెల్ నంబర్ 8 మడత చాకుకి నా చేత్తో నేనే కుట్టుకున్న తోలు ఒర ఇది. మూడేళ్లుగా నా బెల్టుకే ఉంది. ఆదివారం వస్తే విజయవాడ నుంచి నూజివీడు పక్కన మావయ్యగారి తోటకి, మామిడి కాపు మీదుంటే సెలవు పెట్టి మరీ. కొత్తలో దీని ఫొటోలు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపించాను. ఆ ఫొటోల్లో ఉన్న ఒరకీ ఇప్పుడు నా ఎదురుగా ఉన్నదానికీ పోలిక తక్కువ.

ముందు చాకు సంగతి. ఫ్రాన్స్‌లోని సవాయ్ కొండసీమలో 1890లో జోసెఫ్ ఒపినెల్ చేసిన మడత చాకుకి వారసురాలు. నాది తుప్పు పట్టే కార్బన్ స్టీలు రకం. 8.5 సెంటీమీటర్ల బ్లేడు, బీచ్ కర్ర పిడి, బ్లేడు చేతి మీద మూసుకోకుండా మెడ దగ్గర తిప్పే రింగు. ఆ రింగు 1955లో వచ్చింది. మడిస్తే జానెడు కూడా ఉండదు, 11 సెంటీమీటర్లు. మడిచినా బ్లేడు వీపు పిడిలోంచి కాస్త బయటికే కనిపిస్తుంది. ఇది గుర్తుంచుకోండి, దీనితో పనుంది.

తోలు దగ్గరే చాలామంది బోల్తా పడతారు, నేనూ పడ్డాను. మొదట తెచ్చిన ముక్క మెత్తగా, అందంగా ఉంది. తడిపి ఎంత అచ్చు కొట్టినా ఆరేసరికి ఏమీ మిగల్లేదు. అంచు కోసి చూస్తే మధ్యలో నీలిబూడిద రంగు. అంటే క్రోమియం ఉప్పులతో పదును చేసిన తోలు (పచ్చితోలు కుళ్లకుండా ఊరబెట్టడాన్నే పదును చేయడం అంటారు), అది అచ్చు పట్టదు. మనకి కావాల్సింది చెట్ల చెక్కలతో పదును చేసినది. మన వైపు పాతరోజుల్లో తంగేడు చెక్క, కరక్కాయ వేసి లంద తొట్లలో నానబెట్టినది ఆ బాపతే. రెండోసారి అలాంటిదే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మందంలో, చెన్నై నుంచి తెప్పించుకున్నాను.

ఎదుటి వైపు నిండా మామిడి పిందెల తీగ చెక్కాను. తోలు తడిపాక కాసేపు ఆగాలి. పైన తడి రంగు పోయి అసలు రంగు తిరిగొస్తుంటే, లోపల మాత్రం ఇంకా చల్లగా తగులుతుంటే, అప్పుడు కొట్టాలి. నేను ఆగలేదు. కింది రెండు పిందెలూ బురదలో పడ్డ కాలిగుర్తుల్లా వచ్చాయి. రెండు రాత్రులు పట్టిన ఆ తీగలో ఇవాళ్టికి మిగిలింది సగం. లోతుగా కోసి, పక్కలు అణగ్గొట్టిన పిందెలు ఉన్నాయి. గోటితో గీసినట్టు సన్నగా తీసిన నులితీగలన్నీ బండి సీటుకీ, గోనెసంచులకీ రాసుకుని చదునైపోయాయి. వేలు పెట్టి తడిమితే తప్ప తెలియదు. అంత సన్నపని నడుముకి కట్టుకునే వస్తువు మీద ఎందుకు చేశానో నాకే అర్థం కాదు.

కుట్టుకి మాత్రం వంక పెట్టలేను. ఒకే దారానికి రెండు చివరలా రెండు సూదులు, ప్రతి చిల్లులోంచీ రెండూ ఎదురెదురుగా దూరాలి. కుట్టే బారుకి నాలుగింతలు దారం తీసుకుని తేనెమైనం పట్టించాను. మూడేళ్లలో మూతి దగ్గర ఒక్క కుట్టు తెగింది, మిగతావి కదల్లేదు. ఆ ఒక్కటీ వేయించుకోడానికి మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్తే, తిప్పి తిప్పి చూశాడు. "మిషను మీద కుట్టుంటే ఈపాటికి ఊడిపోయేది బాబూ. అయినా మూతి కాడ రెండేసి కుట్లు వేసుకోవాలి గదా, అక్కడేగా లాగేది" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

టిచ్ బటన్ పెట్టడం దండగ. ఇత్తడిది పెట్టాను. మొదటి వానాకాలానికే దాని చుట్టూ పచ్చగా చిలుము కట్టింది. తుడిచినకొద్దీ వచ్చింది. పీకేశాను. తోలు చాకు ఆకారానికి ఎలాగూ సర్దుకుంది కాబట్టి, ఒర తలకిందులు చేసినా జారదు. ఆ ఆకారం రావడానికి తడి తోల్లో చాకు పెట్టి ఆరనివ్వాలి. పెట్టేముందు దానికి ప్లాస్టిక్ కవరు చుట్టండి. నేను చుట్టకుండా పెట్టాను. తెల్లారేసరికి కర్ర పిడి ఉబ్బి బ్లేడు బయటికి రానంది. పిడి మడమని బల్లకేసి కొడితే బ్లేడు కొంచెం బయటికొస్తుంది. సవాయ్ వాళ్ల చిట్కా అది, నా ప్రాణం కాపాడింది.

కొబ్బరినూనె కూడా అతిగా పూశాను. ఒర వడలిన తమలపాకైంది, శ్రావణమాసంలో బూజూ పట్టింది. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు, వేలికి అంటీ అంటనట్టు మైనం కలిపిన నూనె. అంతే.

ఇక ఆ బ్లేడు వీపు. కాయ కోశాక సరిగ్గా తుడవకుండా మడిచి ఒరలో తోసేస్తుంటాను. మామిడి పులుపుకి ఇనుము కరిగి, ఆ తడి తోల్లోకి ఇంకి, లోపలి మడత పొడవునా నల్లగా పట్టింది. రెండో కాపుకల్లా బయటికీ తేలింది, కాటుకతో గీసినట్టు ఒకటే గీత. చెక్క పదునులోని వగరుకి ఇనుము తగిలితే నలుపే. కాళహస్తి కలంకారీలో కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ మీద, ఇనుప తుక్కూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో గీస్తే నల్లబడేదీ ఇందుకే. మొదట మరకనుకుని నిమ్మచెక్కతో రుద్దాను, కాస్త పలచబడి మళ్లీ వచ్చింది. తర్వాత ఊరుకున్నాను. ఇప్పుడు ఒర చూసినవాళ్లంతా ముందు ఆ గీత గురించే అడుగుతున్నారు, పిందెల గురించి ఎవరూ అడగరు.

మొన్న తోటలో మావయ్యగారు చాకు తీసుకుని కాయ కోసి, ఒర చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు.

"అల్లుడుగారూ, నాకూ ఒకటి కుట్టిపెట్టండి. ఆ పిందెలూ అవీ వద్దులెండి. ఈ నల్లచార మాత్రం ఉండాలి."

రెండేళ్లు పడుతుందని చెప్పాను.