నోకియా ఈ63: ఏడేళ్లు వాడిన ఎంఆర్ మాట

డాక్టరుగారి గది బయట బల్ల మీద గంటల తరబడి కూర్చునే ఉద్యోగం నాది. మెడికల్ రిప్రజెంటేటివ్‌ని. 2010లో రావులపాలెం, అమలాపురం, రాజోలు నా ఏరియా. పొద్దున్నే బస్సెక్కితే ఇల్లు చేరేది రాత్రికే. ఆ రోజు ఏయే డాక్టర్లను కలిశానో, ఏ మెడికల్ షాపు ఎన్ని స్ట్రిప్పులు ఆర్డరిచ్చిందో సాయంత్రానికల్లా మేనేజరుకి మెసేజ్ వెళ్లాలి. అప్పటిదాకా నా దగ్గరున్నది అంకెల మీటల ఫోన్. ఒక్క ‘ఎస్’ పడాలంటే ఏడు మీటని నాలుగుసార్లు నొక్కాలి. ఆర్డర్లు ఎక్కువొచ్చిన రోజు సంతోషపడాలో, టైప్ చేయాలి కదా అని ఏడవాలో తెలిసేది కాదు.

అందుకని అక్షరానికో మీట ఉన్న నోకియా ఈ63 ఫోన్ కొన్నాను. పదివేల లోపే వచ్చింది. నిజానికి మనసు నోకియాదే ఇంకో ఫోన్ ఈ71 మీద ఉండేది. మెటల్ బాడీ, జీపీఎస్, 3.2 మెగాపిక్సెల్ కెమెరా. నా జీతానికి అది అందలేదు. ఈ63 దానికి పేదింటి తమ్ముడు: ప్లాస్టిక్ బాడీ, 2 మెగాపిక్సెల్ కెమెరా, జీపీఎస్ ఊసే లేదు. అయితే లోపల ఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ సింబియన్ అదే, వైఫై, 3జీ ఉన్నాయి, బ్యాటరీ కూడా అదే 1500 ఎంఏహెచ్ బీపీ-4ఎల్. ఒక్క విషయంలో తమ్ముడే మేలు. ఈ71కి ఇయర్‌ఫోన్ రంధ్రం 2.5 మిల్లీమీటర్లది, దానికి వేరే ఇయర్‌ఫోన్ వెతుక్కోవాలి. దీనికి మామూలు 3.5ది. బస్టాండులో అమ్మే ఇయర్‌ఫోన్స్ కూడా సరిపోయేవి.

ఇక కీబోర్డు. మొదటి వారం తిట్టుకున్నాను. మీటలు చిన్నవి, నా బొటనవేళ్లు పెద్దవి. రెండో వారంలో ఏదో కుదిరింది. మీటలు కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి, ఏది ఎక్కడ ఆగుతుందో వేలికి తెలుస్తుంది. నెల తిరిగేసరికి ఫోన్ వైపు చూడకుండానే కొట్టడం వచ్చేసింది. గతుకుల రోడ్డు మీద కిక్కిరిసిన బస్సులో, ఒక భుజాన బ్యాగు వేసుకుని, ఒంటిచేత్తో రిపోర్టు పంపినవాణ్ణి నేను. అంకెలకు వేరే వరుస లేదు. ఆర్, టీ, వై మీద ఒకటి, రెండు, మూడు ఉంటాయి, కింది వరుసల్లో మిగతావి, సున్నా ‘ఎమ్’ మీద. మెసేజ్‌లో అంకె పడాలంటే ఫంక్షన్ మీట కలపాలి, లేదా ఆ అక్షరం మీటనే కాసేపు నొక్కి పట్టాలి. ఇన్ని స్ట్రిప్పులు, అన్ని సీసాలు అని రాసుకునే మాలాంటివాళ్లకు ఇదే పెద్ద విసుగు. ఏడేళ్లయినా అలవాటు కాలేదు.

స్పేస్ మీట గురించి వేరుగా చెప్పుకోవాలి. హోమ్ స్క్రీన్ మీద ఉండగా దాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే కెమెరా ఫ్లాష్ టార్చిలా వెలుగుతుంది. 2012లో కరెంటు కోతలు ఎలా ఉండేవో మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లో ఆ ఏడాది అగ్గిపెట్టె కన్నా ముందు నా ఫోన్ కోసమే వెతికేవారు. మా అమ్మకి ఫోన్ ఎత్తడం కూడా సరిగా వచ్చేది కాదు కానీ స్పేస్ మీట మాత్రం చీకట్లో తడుముకుని నొక్కేసేది.

ఇంత మంచి కీబోర్డులో నాకు లేనిది తెలుగు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే, తెలుగంతా వాటితోనే. దాంతో వచ్చిన తంటాలకు లెక్కలేదు. ఒకసారి కంటి చుక్కల మందు గురించి ఒక షాపాయనకి మెసేజ్ పెట్టాను. కే, ఏ, రెండు ఎల్‌లు, యూ. నేను రాసింది కళ్లు, ఆయన చదివింది కల్లు. ఫోన్ చేసి, ‘మీ కంపెనీ ఈ వ్యాపారం ఎప్పుడు మొదలెట్టిందండీ’ అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం నన్ను కల్లుబాబు అనే పిలిచాడు.

రాయడం సరే, చదవడానికైనా దారి లేదు. తెలుగు పేజీ తెరిస్తే స్క్రీన్ నిండా డబ్బాలు. దీనికొక కిటుకు నాకు తోటి ఎంఆర్ చెప్పాడు. ఒపేరా మినీ అనే బ్రౌజర్‌లో అడ్రస్ పట్టీలో ‘ఒపేరా’, కోలన్, ‘కాన్ఫిగ్’ అని కొడితే ఒక సెట్టింగుల పేజీ వచ్చేది. అందులో బిట్‌మ్యాప్ ఫాంట్లు అన్న చోట ‘యెస్’ (అవును) అని మార్చి సేవ్ చేయాలి. అప్పటినుంచి ఒపేరా సర్వరు తెలుగు అక్షరాల్ని బొమ్మలుగా మార్చి పంపేది. డేటా ఎక్కువ తినేది, పేజీ మెల్లగా దిగేది. అయినా మొదటిసారి 2.36 అంగుళాల ఆ బుల్లి స్క్రీన్ మీద తెలుగు వార్త కనిపించినప్పుడు క్లినిక్‌లో పక్కనున్న పేషెంటుకి కూడా చూపించాను.

కెమెరా మీద ఆశ పెట్టుకోలేదు కాబట్టి బాధా లేదు. ఫోకస్ మారదు. దగ్గర పెట్టి బిల్లు ఫోటో తీస్తే అక్షరాలు అలుక్కుపోతాయి.

మెసేజ్‌ల ప్యాకు వేసుకుని నేనొక రాజులా ఉన్న రోజుల్లో, 2011 సెప్టెంబరు 27 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రోజుకు వంద ఎస్సెమ్మెస్‌ల హద్దు పెట్టింది. ప్రకటనల మెసేజ్‌ల గోల తగ్గించడానికట. నవంబరులో రెండొందలు చేశారు. చేతిలో ఇంత కీబోర్డు పెట్టుకుని మెసేజ్‌లు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. పండగ రోజు కంపెనీలు ప్యాకు ఎలాగూ చెల్లనిచ్చేవి కాదు కాబట్టి సంక్రాంతి శుభాకాంక్షలు ముందురోజు రాత్రే పంపేసేవాణ్ణి.

మూడేళ్లకు బ్యాటరీ నీరసపడింది. అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని, రోడ్డు పక్క కొట్లో నూటయాభైకి దొరికింది కదా అని నకిలీ బ్యాటరీ కొనడం. నాలుగు నెలలకే ఉబ్బి వెనక మూతని పైకి లేపింది. తర్వాత అసలుది వెతికి వేసుకున్నాను, అది చివరిదాకా వచ్చింది. కొత్తలో అయితే ఉదయం నుంచి రాత్రి దాకా ఎంత వాడినా మర్నాడు మధ్యాహ్నం వరకు చార్జరు జోలికి వెళ్లేవాణ్ణి కాదు.

దీన్ని నా చేత మాన్పించింది వాట్సాప్. నోకియా సింబియన్ ఫోన్లకు 2017 జూన్ 30తో అది ఆగిపోయింది. మా టీమ్ గ్రూపు, ఆర్డర్లు అప్పటికే అంతా అందులోనే. పైగా అవతలివాళ్లు తెలుగులో పెడితే నాకు మళ్లీ డబ్బాలే. జులైలో టచ్ ఫోన్ కొన్నాను. కళ్లుని కళ్లు అనే రాయగలుగుతున్నాను. కానీ స్క్రీన్ వైపు చూడకుండా ఒక్క ముక్క కూడా కొట్టలేను, బస్సు కుదుపుకి ఏదో పక్క అక్షరం పడుతూనే ఉంటుంది. నాకిప్పటికీ ఇది తీరని లోటే.

ఇప్పుడు పాతది ఎక్కడైనా కనిపిస్తే కొనాలా అని అడిగేవాళ్లకి: ఒక్క ఫోన్‌తో బతకాలనుకుంటే వద్దు. జియో సిమ్ పనికిరాదు, అది 4జీ నుంచే మొదలు. 2జీ ఉన్న నెట్‌వర్క్ సిమ్ వేస్తే కాల్స్ వస్తాయి, ఓటీపీ మెసేజ్‌లు వస్తాయి. యూపీఐ యాప్‌లు నడవవు. వెబ్‌సైట్లు చాలావరకు తెరుచుకోవు, పాత సెక్యూరిటీ వాటికి నచ్చదు. పాత యాప్ ఏదైనా వేయబోతే సర్టిఫికెట్ గడువు తీరిందంటుంది. ఫోన్ తారీఖుని కొన్నేళ్లు వెనక్కి తిప్పి వేసుకోండి, తర్వాత మళ్లీ సరిచేయండి. ఇంట్లో పెద్దవాళ్లకో, రెండో నంబరుకో అయితే సరే. బేరమాడే ముందు ప్రతి మీటా నొక్కి చూడండి, వెనక మూత తీసి బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి, సన్నపిన్ను చార్జరు కూడా ఇస్తారేమో అడగండి. వెయ్యి దాటి చెబితే వదిలేయండి.