ముల్లుగర్ర, చెర్నకోల, నోటి మాట: ఎడ్లను తోలడానికి ఏది మేలు?

పత్తిలో గుంటుక (సాళ్ల మధ్య కలుపు తీసే పనిముట్టు) తోలే రోజులొస్తే మా నల్లగొండ వైపు ఎడ్లకు మళ్లీ పని పెరుగుతుంది. దున్నడం ట్రాక్టర్ చూసుకుంటుంది కానీ, మోకాలెత్తు పెరిగిన పత్తి సాళ్ల మధ్యకు అది దిగలేదు. ఆ పని ఎడ్లదే. "ముల్లుగర్ర లేకుంటే ఎడ్లు నడుస్తయా?" అనే మాట కూడా అప్పుడే ఊరూరా వినిపిస్తుంది. నడుస్తాయి. సరిగా నడవని ఎడ్లలో చాలావాటిని పాడుచేసింది ఆ ముల్లే అని నా గట్టి అభిప్రాయం.

బారెడు వెదురు కర్ర, దాని చివర తల తీసేసి సన్నగా అరగదీసిన మేకు. ముల్లుగర్ర అంటే ఇంతే. పిరుదు మీదో తోక మొదట్లోనో గుచ్చితే ఎద్దు ఉలిక్కిపడి ముందుకు దూకుతుంది. తోలేవాడికి పని అయినట్టే ఉంటుంది. కానీ సాలులో ఏం జరిగిందో చూడండి. కుడి పిరుదు మీద పొడిస్తే ఎద్దు ఎడమకు ఒరుగుతుంది, కాడి వంకర పోతుంది, గుంటుక సాలు దాటి నాలుగు పత్తి మొక్కల మొదళ్లు కోసేస్తుంది. పశువు కళ్లు తలకు చెరోపక్క ఉంటాయి కాబట్టి దానికి చుట్టూ చాలావరకు కనిపిస్తుంది, సరిగ్గా వెనక భాగం మాత్రం కనిపించదు. పోటు వచ్చేది అటునుంచే. ఎప్పుడు పడుతుందో తెలియక చెవులు వెనక్కి పెట్టి, సగం ధ్యాస వెనకే ఉంచి నడిచే ఎద్దు తిన్నగా ఎలా నడుస్తుంది?

పైగా అదే చోట మళ్లీ మళ్లీ గుచ్చితే అక్కడ చర్మం మొద్దుబారి కాయ కాస్తుంది. ఈ ఏడు తాకిస్తే కదిలిన ఎద్దు పైయేడుకు లోతుగా పొడిస్తే గాని కదలదు. వానాకాలం ఆ గాయం మీద ఈగ వాలితే పురుగు పడుతుంది, పని రోజుల్లో ఎద్దు కొట్టంలో నిలబడుతుంది.

చెర్నకోల దీనికంటే నయం. అయితే దాని బలం చప్పుడులోనే ఉంది. పశువు చెవి చాలా చురుకు. గాలిలో ఛెళ్లుమంటే చాలు, రెండు ఎడ్లూ ఒకేసారి అడుగు కలుపుతాయి. వీపు మీద వాతలు తేలేలా కొడితే మాత్రం ముల్లుకూ దీనికీ తేడా లేదు. ఇంకో సంగతి, అడుగు పడగానే చెయ్యి ఆగాలి. నడిస్తే దెబ్బ ఆగుతుందని తెలిసినప్పుడే ఎద్దు నేర్చుకుంటుంది. నడుస్తున్న ఎద్దును కూడా కొడుతూనే ఉంటే, నడిచినా నడవకున్నా ఒకటేనని దానికి అర్థమవుతుంది.

ఇక నోరు, పగ్గం. నా ఓటు వీటికే. కోడెను అరకకు మరిపేటప్పుడు, అంటే అలవాటు చేసేటప్పుడు, నెమ్మదైన పాత ఎద్దు పక్కన కడతారు. ఒకరు ముందు పగ్గం పట్టుకుని నడుస్తారు, వెనక తేలికైన మొద్దు ఒకటి లాగిస్తారు. ముందు మాట, ఆ వెంటనే పగ్గం. ఎప్పుడూ అదే వరస. మాట రోజుకోలా మారకూడదు, ఇంట్లో ఒకరు ఒకలా ఇంకొకరు ఇంకోలా అదిలించకూడదు. ఇలా నేర్చిన జత సాలు చివర "ఓ" అనగానే ఆగుతుంది, ఎడమకు మళ్లేటప్పుడు దాపటెద్దు (ఎడమ పక్కది) తనే అడుగు తగ్గిస్తుంది. దీనికి ఓపిక కావాలి, నిజమే. ముల్లుతో మరిపిన కోడెకు తన్నడం, పరుగెత్తడం ముందు వస్తాయి.

మరి ఎద్దు నిజంగానే మొరాయిస్తే? కర్ర తియ్యకముందు కాడి ఎత్తి మెడ చూడండి, కమిలిందేమో. గిట్ట చూడండి, నాడా ఊడిందేమో, రాయి ఇరుక్కుందేమో. జతలో ఒకటి బలహీనమైతే, నొగను (బండి ముందుండే పొడవాటి కర్రను) కాడికి కట్టే తాడును బలమైన ఎద్దు వైపు రెండు వేళ్లు జరపండి. బరువు అటు మళ్లి రెండోదానికి లాగుడు తేలికవుతుంది. మా చుట్టుపక్కల "మొండిది" అని పేరుపడిన ఎద్దులకు సగం మందు ఆ రెండు వేళ్లలోనే ఉంది. బురదలో బండి దిగబడితే మాత్రం బస్తాలు దించి చక్రానికి భుజం పట్టాల్సిందే. పోటు తిన్న ఎద్దులు చెరోవైపు గుంజుతాయి తప్ప ఒక్క ఊపున లాగవు.

గుర్రపు స్వారీలో గుర్రాన్ని పొడిచేందుకు బూటు మడమకు కట్టుకునే లోహపు కొస, స్పర్ గురించి కూడా ఇదే వాదన నడుస్తుంది. ముల్లుగర్రను సమర్థించేవాళ్లు దాన్ని చూపిస్తారు కాబట్టి చెప్తున్నాను. స్పర్‌కు ఒక న్యాయం ఉంది. కాలు కదలకుండా కూర్చోవడం బాగా వచ్చిన రౌతు, మొద్దుబారిన కొసతో, కాలి ఒత్తిడి చాలని చోట మాత్రమే చిన్నగా తాకిస్తాడు. అది సైగ, పరుగెత్తించే సాధనం కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ల కాలు ఊగుతూ తెలియకుండానే గుచ్చుకుంటుంది కాబట్టి వాళ్లకు స్పర్ పనికిరాదు. అంతర్జాతీయ డ్రెస్సాజ్ (గుర్రం నడక తీరును చూసి మార్కులు వేసే స్వారీ) పోటీల్లో స్పర్ వల్ల గుర్రం పక్కన రక్తం కనిపిస్తే పోటీ నుంచి తప్పిస్తారు. ముల్లుగర్రలో ఆ నేర్పూ లేదు, ఆ మొద్దు కొసా లేదు. దూరం నుంచి పొడిచే చేతికి ఎంత లోతు దిగిందో కూడా తెలియదు.

చట్టం కూడా ఇటే ఉంది. బండి లాగే, బరువు మోసే పశువుల కోసం 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలు ముళ్లున్న కర్రను వాడకూడదని చెబుతున్నాయి. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పశువును పనికి కట్టకూడదని, రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదని కూడా అందులోనే ఉంది. మన ఎండల్లో ఎద్దు కదలకపోవడానికి చాలాసార్లు ఆ వేడి, ఆ అలుపే కారణం.

మేళ్లచెరువు శివరాత్రి జాతర పందేల్లాంటి చోట బండ లాగించేటప్పుడు ముల్లు తప్పదని కొందరంటారు. పెంపకం, మేత, కసరత్తు మీద అంత ఖర్చు పెట్టి, చివరి నిమిషంలో మేకు మీద ఆధారపడటం నాకు మింగుడుపడదు. కురుమూర్తి జాతరలో ఎడ్లు కొనేవాళ్లు పళ్లు, సుడులు, గిట్టలు చూసి ఊరుకోరు, వెనక్కి వచ్చి పిరుదు మీద చెయ్యి వేస్తారు. మచ్చలు తగిలితే బేరం అక్కడే తగ్గుతుంది.

ఇప్పటికే ముల్లుకు అలవాటైన జత ఉంటే కర్రను ఒక్కసారిగా పారెయ్యక్కర్లేదు. పట్టుకారుతో మేకు పీకేసి, కొసకు గుడ్డ చుట్టండి. నోటితో అదిలించి, ఆ వెంటనే ఉత్త కొసతో తాకించండి. అడుగు పడగానే తీసెయ్యండి. మొదట కొన్నాళ్లు నడక మందగిస్తుంది. అందుకని ఈ మార్పు పత్తి సాళ్లలో మొదలుపెట్టకుండా, పంట లేని చెల్కలో, పొద్దున చల్లపూట చేసుకోండి.