లైకుల లెక్క దాచే ఆప్షన్: చీరలమ్మే పేజీకి పనికొస్తుందా?

ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ ఆప్షన్ కొత్తదేం కాదు. 2019లో కెనడాలో లైకుల లెక్క దాచి చూసి, 2021 మేలో అందరికీ ఆప్షన్‌గా ఇచ్చారు. మంగళగిరి చేనేత చీరల పేజీ నడుపుతూ వాడాను కాబట్టి నాలాంటి వాళ్లకోసం రాస్తున్నా.

లెక్క దాచకముందు సంగతి ఇది. ఆవపువ్వు రంగు చీర, ఎర్ర నిజాం బోర్డరు. సాయంత్రానికే లైకులు వెయ్యి దాటాయి. అదే మగ్గం మీద దిగిన బూడిద రంగు చీర నలభై దగ్గరే ఆగింది. ఇక వాట్సాప్ నిండా "అక్కా, ఆ వెయ్యి లైకుల చీర ఉందా?" అనే మెసేజీలే. బూడిద రంగు నచ్చినవాళ్లకేమో అనుమానం: "ఎవరూ లైక్ కొట్టలేదేంటండీ, బట్టలో ఏమైనా తేడానా?" నూలు అదే, జరీ అదే, ధరా అదే! లైకులు పడని ఫొటో తీసేసి, రాత్రి ఎనిమిదికి మళ్లీ పెట్టడం మా పేజీల వాళ్లందరికీ అలవాటే. 2006లో సైన్స్ పత్రికలో పాటల మీద చేసిన ప్రయోగం ఒకటి వచ్చింది. డౌన్‌లోడ్ల సంఖ్య కనబడితే జనం పైనున్న పాటల మీదే ఇంకా పడ్డారట. చీరలైనా అంతే.

పోస్టు మీద మూడు చుక్కలు నొక్కితే ఆప్షన్ వస్తుంది. మన పోస్టులు ఒక్కోటీ విడిగా దాచుకోవాలి, అదో విసుగు. దాచాక మాత్రం "రంగు దిగుతుందా, బ్లౌజు పీసు ఉందా, ఇస్త్రీ నిలుస్తుందా" అని అడగడం మొదలెట్టారు. అంటే చీరను చూస్తున్నారన్నమాట. బూడిద రంగువీ కదిలాయి, ఎక్కువగా టీచర్లే తీసుకున్నారు.

ఫాలోవర్ల సంఖ్య దాచే వీలు లేదు. దాని మీద నాకు ఫిర్యాదూ లేదు. ముఖం తెలియని మనిషికి ముందే ఫోన్‌పే చేయాల్సినవాళ్లు ఏదో ఒకటి చూసుకోవాలిగా. అసలు చిక్కు వేరే. లెక్క ఊరికి కనబడదు గానీ మనకు కనబడుతూనే ఉంటుంది. కొత్త పడుగు వేసే ముందు మా నేత బాబాయ్ "అమ్మా, మొన్నటి పసుపుదానికి ఎన్నొచ్చాయి?" అని నన్నే అడుగుతాడు. చెప్పక తప్పుతుందా? మళ్లీ పసుపే మగ్గమెక్కుతుంది.

చిన్న పేజీలకైతే ఐదుకి మూడున్నర ఇస్తాను. పెద్ద పేజీలతో కొలాబ్ (కలిసి పోస్టులు పెట్టడం) చేసుకునేవాళ్లు మాత్రం దాచకండి, ఆ పెద్ద పేజీలవాళ్లు ముందడిగేది ఆ లెక్కే.