మూడేళ్లు వాడాక మా ఎలక్ట్రానిక్ కిట్: పాట పోయింది, ఫ్యాన్ మిగిలింది

మా పాప ఏడో పుట్టినరోజుకి కొన్న కిట్ ఇది. ఇప్పుడు పాపకి పదేళ్లు. సీసం కరిగించి తీగలు అతికించే సోల్డరింగ్ పని లేదు, బల్బు, మోటారు, స్విచ్ లాంటి ముక్కలు జాకెట్ ప్రెస్ బటన్లలా టక్కున నొక్కితే అతుక్కుంటాయి. అమెరికాలో ఎలెన్కో కంపెనీ స్నాప్ సర్క్యూట్స్ పేరుతో అమ్మేవి ఈ తరహావే. మాది అది కాదు, ఆన్‌లైన్‌లో దొరికిన వేరే రకం. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు చెప్పను.

మొదటి నెలంతా పాటల చిప్పుదే రాజ్యం. పుట్టినరోజు పాట, పోలీసు సైరన్, ఫైరింజన్ మోత. పక్కింటావిడ వచ్చి అడిగేదాకా సాగింది. పాప పుస్తకంలో బొమ్మలు చూసి నలభై దాకా సర్క్యూట్లు చకచకా పెట్టేసింది. నేనూ మురిసిపోయాను. ఓ రోజు "ఎల్‌ఈడీ పక్కన రెసిస్టర్ ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగితే "బొమ్మలో ఉంది కదా నాన్నా" అంది. ఎల్‌ఈడీ కాలిపోకుండా కరెంటు తగ్గించేది రెసిస్టర్, అది తెలియకుండానే పెట్టేసిందన్నమాట. అప్పుడు పుస్తకం తీసి అటక మీద పెట్టాను.

పుస్తకం లేకపోయేసరికి వారం రోజులు అలిగింది. తర్వాత బల్బునీ ఫ్యాన్ మోటారునీ ఒకే వరుసలో కలిపింది. రెండు పెన్సిల్ సెల్లు, అంటే మూడు వోల్టులు. ఫ్యాన్ తిరుగుతోంది, బల్బు మాత్రం కొడిగట్టిన దీపంలా ఉంది. విసుగొచ్చి వేలితో ఫ్యాన్ రెక్క ఆపింది. బల్బు భగ్గున వెలిగింది! వదిలితే మళ్లీ మసక. పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం, గంటసేపు అదే పని. తిరిగే మోటారు తనే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, అందుకే కరెంటు తక్కువ లాగుతుంది. ఆపితే ఆ ఎదురు పోయి కరెంటు పెరుగుతుంది. ఇది నాకూ సరిగ్గా తెలియదు, ఆ రాత్రి చదువుకుని చెప్పాను.

కొన్నాళ్లకు మా ఆవిడ కొబ్బరి పచ్చడి చేస్తుంటే ముక్క అడ్డుపడి మిక్సీ మూలిగి ఆగిపోయింది. అడుగునున్న ఎర్ర బటన్ నొక్కబోతుంటే పాప అంది, "ఫ్యాన్ పట్టుకున్నట్టే కదా నాన్నా, ఎక్కువ కరెంటు లాగేసింది." డబ్బులు అక్కడే గిట్టుబాటయ్యాయి.

ఇక తిట్లు. ఏడాది దాటాక బటన్లు వదులైపోయాయి. సర్క్యూట్ సరిగ్గానే ఉంటుంది కానీ వెలగదు, పిల్ల తనదే తప్పనుకుంటుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ఓ చిన్న మల్టీమీటర్ (వోల్టేజీ, కరెంటు కొలిచే మీటరు) కొన్నాక, ఏ బటన్ దగ్గర కలవట్లేదో తెలిసి ఆ గొడవ తగ్గింది. నిజం చెప్పాలంటే కిట్‌తో పాటే కొనాల్సింది. వేసవి సెలవుల్లో ఊరెళుతూ సెల్లు తీయడం మరిచిపోయాం. అవి కారి హోల్డర్ స్ప్రింగులు తుప్పు పట్టాయి. గరుకు కాగితంతో రుద్దినా ఇప్పటికీ అంతంతమాత్రమే. రీచార్జబుల్ సెల్లు వేద్దామంటే ఒక్కోటి 1.2 వోల్టులే, రెండూ కలిపి 2.4. ఎర్ర ఎల్‌ఈడీ వెలుగుతుంది, నీలంది మొండికేస్తుంది. ఓసారి సెల్లు రెండు కొసలూ నేరుగా కలిపేస్తే చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి. చిన్నపిల్లలైతే పక్కనే కూర్చోండి. గోడ సాకెట్‌లో ఉండేది 230 వోల్టులని మొదటి రోజే గట్టిగా చెప్పండి.

పోయినేడు బ్రెడ్‌బోర్డుకి, అంటే రంధ్రాల్లో తీగలు గుచ్చి సర్క్యూట్లు కట్టే ప్లాస్టిక్ పలకకి మారాం. అక్కడ కలయికలు లోపల దాగి ఉంటాయి. ఒకే వరుసలో ఐదు రంధ్రాలు లోపలే కలిసి ఉంటాయని అర్థం కావడానికే నాలుగు రోజులు పట్టింది. ఏడేళ్లకే అది చేతికిచ్చి ఉంటే పారేసేదే.

చిన్నోడికి ఇప్పుడు ఐదేళ్లు. ఇంకో రెండేళ్లాగి ఇదే డబ్బా వాడికిస్తాను. కొత్తగా కొనాల్సింది బ్యాటరీ హోల్డర్ ఒక్కటే. పాటల చిప్పు కాలిపోయింది. అది దొరికినా కొనను.