సాఫ్ట్‌వేర్‌లో తెలిసిన బగ్‌లు ట్రాకర్‌లో (బగ్‌లు ఒక్కో టికెట్‌గా నమోదు చేసే సైట్‌లో) ఉంచాలా, రిలీజ్‌తో పాటు ఫైల్‌లో రాయాలా? ఏది మేలు?

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఇన్ఫ్యూజన్ పంప్ (పేషెంట్‌కి మందు కొలిచి ఎక్కించే మెషిన్) సాఫ్ట్‌వేర్ చేస్తాం, టీమ్‌లో సగం మంది తెలుగువాళ్లమే. ఆడిట్ ముందు రెండు రోజులు మేం వాడే ఓపెన్ సోర్స్ ఆర్‌టీఓఎస్ (పంప్ లాంటి డివైస్‌లని నడిపే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్) ట్రాకర్‌లో టికెట్లు చదువుతూ కూర్చున్నాం, ఎందుకంటే మెడికల్ డివైస్ సాఫ్ట్‌వేర్‌కి ఉన్న ఐఈసీ 62304 స్టాండర్డ్ ప్రకారం మనం రాయని కోడ్ వాడితే, ఆ వర్షన్‌కి వాళ్లు బయటపెట్టిన లోపాల జాబితా చూసి పేషెంట్‌కి ప్రమాదం తెచ్చేది ఏదన్నా ఉందా అని మనమే తేల్చుకోవాలి.

ట్రాకర్ మంచిదే, కాదనను. ఎవరైనా రిపోర్ట్ చెయ్యొచ్చు, చర్చంతా అక్కడే ఉంటుంది, నిన్న దొరికిన బగ్ ఇవాళ కనిపిస్తుంది. కానీ మా జూనియర్ ఒక టికెట్ చూపించి "అక్కా, ఇది క్లోజ్ అయిపోయింది కదా, వదిలేద్దామా" అన్నాడు. తెరిచి చూస్తే మెయిన్ బ్రాంచ్‌లో (కొత్త కోడ్ చేరే చోట) ఫిక్స్ చేసి క్లోజ్ చేశారు, మా పంప్‌లో ఉన్న పాత వర్షన్‌కి ఆ ఫిక్స్ రానే లేదు, ఏ వర్షన్ నుంచి ఏ వర్షన్ దాకా ఉందో టికెట్‌లో ఎక్కడా రాయలేదు. ఆ బగ్ ఏంటంటే మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్, 49 రోజుల 17 గంటలు ఆపకుండా నడిస్తే మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది. ఐసీయూలో పంప్ అన్ని రోజులు ఆగకుండా నడవదని ఎవరు చెప్పగలరు?

అలా కాకుండా బగ్‌ల జాబితా రిపోలో, అంటే కోడ్ ఉండే చోటే, ఫైల్‌గా ఉంటే ఆ వర్షన్ కోడ్ దించుకోగానే జాబితా కూడా దాంతోపాటే వస్తుంది, ఆడిటర్‌కి అదే చూపించొచ్చు. చిక్కల్లా రిలీజ్ తర్వాత దొరికిన బగ్‌లతోనే, వాటిని ఎవరో ఒకరు ఆ పాత వర్షన్ కోడ్ ఉండే రిలీజ్ బ్రాంచ్‌లో ఎక్కించాలి, లేకపోతే ఫైల్ ఉన్నా లేనట్టే.

సీవీఈలు (నంబర్ ఇచ్చి బయటపెట్టే లోపాల జాబితా) చూస్తే సరిపోదా అంటారు కొందరు. అవి సెక్యూరిటీ లోపాలకి, మామూలుగా టైమర్ తప్పితే అక్కడికి రాదు.

ఎలా రాయాలో 2015లో బోయింగ్ 787 విమానం మీద అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన ఆదేశం చూడండి: 248 రోజులు కరెంటు తియ్యకుండా ఉంచితే జనరేటర్ కంట్రోల్ యూనిట్లు ఫెయిల్‌సేఫ్‌లోకి (రక్షణ కోసం తమంతట తామే ఆగిపోయే స్థితిలోకి) వెళ్లి విమానంలో ఏసీ కరెంటు (ఆల్టర్నేటింగ్ కరెంట్) మొత్తం పోవచ్చు, కాబట్టి గడువు పెట్టుకుని పవర్ ఆపి మళ్లీ ఆన్ చెయ్యాలి. ఎప్పుడు వస్తుంది, వస్తే ఏమవుతుంది, ఏం చెయ్యాలి, మూడూ ఉన్నాయి. "టైమర్ ఓవర్‌ఫ్లో" అని హెడ్డింగ్ ఒక్కటే ఉన్న టికెట్ చదివి ఏ డివైస్ ఇంజినీరూ రిస్క్ తేల్చలేడు.

అందుకే నా ఓటు ఫైల్‌కే, ప్రతి ఎంట్రీలో ట్రాకర్ నంబర్ పెడితే చర్చ కావాల్సినవాళ్లు అక్కడికి వెళ్లి చదువుకుంటారు. మేం ఆ కౌంటర్ ఎంట్రీని ఈ మూడు ముక్కల్లో రాసి, ఏయే వర్షన్లలో ఉందో చేర్చి, కలుపుకోమని ఆ ఆర్‌టీఓఎస్ వాళ్లకి పుల్ రిక్వెస్ట్ పెట్టాం.